మంచం పట్టడం నుంచి లేచి తిరగడం వరకు: నడుము శస్త్రచికిత్సలో ఒక్కరోజు వైద్యం

1. ప్రస్తావన

జబ్బు తీవ్రతను చెప్పడానికి తెలుగులో 'మంచం పట్టడం' అనే జాతీయం ఉంది. కోలుకోవడాన్ని 'లేచి తిరగడం' అంటాం. వెన్నెముక శస్త్రచికిత్స విషయంలో ఈ రెండు మాటల మధ్య కాలం క్రమంగా కుదించుకుపోయింది. నడుము డిస్క్ ఆపరేషన్ చేయించుకున్న వ్యక్తి అదే రోజు ఇంటికి చేరడం నేడు సాధ్యమవుతోంది. ఈ మార్పు పరికరాల వల్లనే వచ్చిందా, ఇంటికి అందులో పాత్ర ఉందా అన్నది విజయవాడ గుణదల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. కోత చిన్నదైన క్రమం

నడుము నుంచి పిరుదు మీదుగా కాలిలోకి దిగే నొప్పిని ఆయుర్వేదం 'గృధ్రసి' అంది. జారిన డిస్క్ నరాన్ని నొక్కడం దీనికి ముఖ్యకారణమని 1934లో బోస్టన్ వైద్యులు మిక్స్‌టర్, బార్ ప్రచురించిన వ్యాసంతో స్థిరపడింది. అంతకుముందు ఆ డిస్క్ ముక్కలను తరచుగా కణితులుగా పొరబడేవారు. నాటి ఆపరేషన్‌లో పెద్ద కోత పెట్టి, కండరాలను ఎముక నుంచి వేరుచేసి, వెన్నుపూస వెనుక భాగాన్ని తొలగించేవారు. 1977లో యాసార్గిల్, కాస్పర్ వేర్వేరుగా మైక్రోస్కోపు సాయంతో చేసే పద్ధతిని వెల్లడించారు. 1997లో ఫోలే, స్మిత్ కండరాన్ని పక్కకు జరిపి, సన్నని గొట్టం ద్వారా ఎండోస్కోపుతో డిస్క్ ముక్కను తీసే విధానాన్ని పరిచయం చేశారు. కోత తగ్గింది, దానితో కండరాలకు కలిగే దెబ్బా తగ్గింది. త్వరగా తెలివి వచ్చే మత్తుమందులు తోడై, సాయంత్రానికే రోగిని నడిపించడం వీలైంది.

3. విశ్రాంతిపై మారిన ఆలోచన

అయితే పరికరాలకంటే ముందే ఆలోచన మారడం మొదలైంది. గ్లాస్గో వైద్యుడు జేమ్స్ నికోల్, పిల్లలకు ఆపరేషన్ చేసి అదే రోజు ఇంటికి పంపిన 8,988 సందర్భాల అనుభవాన్ని 1909లో ప్రకటించాడు. బిడ్డకు తల్లి సంరక్షణ మేలని, అయితే ఇంటి పరిస్థితులు అనుకూలంగా ఉండాలని, నర్సులు ఇళ్ళకు వెళ్ళి చూడాలని ఆయన భావించాడు. 1947లో రిచర్డ్ ఆషర్ మంచానికి పరిమితం కావడంలోని ప్రమాదాలను వివరించాడు. 1986లో డేయో బృందం, ఆపరేషన్ అవసరంలేని నడుము నొప్పిలో ఏడు రోజుల విశ్రాంతికంటే రెండు రోజుల విశ్రాంతి పొందినవారు తక్కువ పనిదినాలు కోల్పోయారని చూపింది. విశ్రాంతే మందు అన్న నమ్మకం అలా సడలింది.

4. గుణదల సందర్భం

1980లో ఏర్పడిన సిద్ధార్థ వైద్య కళాశాల గుణదలను వైద్యవిద్యకు చిరునామాగా చేసింది. 1986లో ఆరోగ్య విశ్వవిద్యాలయం కూడా విజయవాడలోనే ఏర్పడింది. అదే గుణదలలో కొండవాలు ఇళ్ళు కూడా ఉన్నాయి. మెట్లెక్కి చేరే ఇల్లు, నేల మీద కూర్చునే అలవాటు, వంగి చేసే పని, కింద కూర్చునే మరుగుదొడ్డి: నడుముకు ఆపరేషన్ జరిగినవారికి ఇవన్నీ వైద్య విషయాలే. ఆసుపత్రిలో నర్సు చేసే పని ఇంట్లో భార్య, తల్లి, కోడలు చేస్తారు. ఆసుపత్రి లెక్కలో తగ్గిన రోజులు ఆ స్త్రీల శ్రమలో కలుస్తాయి; వారు కూలికి వెళ్ళేవారైతే ఆ రోజుల కూలీ కూడా పోతుంది.

మన ఆరోగ్య బీమాలోనూ ఈ పరిణామం కనిపిస్తుంది. ఆసుపత్రిలో చేరడమంటే సాధారణంగా కనీసం 24 గంటలు ఉండాలన్నది నియమం. సాంకేతిక పురోగతి వల్ల అంతకంటే తక్కువ సమయంలో ముగిసే చికిత్సలను 'డే కేర్' పేరుతో గుర్తించారు. ఈ నిర్వచనం గంటలను కొలుస్తుంది, ఇంటిని కొలవదు.

అందరినీ అదే రోజు పంపడం కుదరదు. రోగి నడవగలగాలి, మూత్రం సాఫీగా రావాలి, నొప్పి మాత్రలతో అదుపులో ఉండాలి, రాత్రి తోడు ఉండాలి. మూత్రం ఆగిపోయినా, మర్మస్థానం చుట్టూ తిమ్మిరి వచ్చినా, కాలు బలం తగ్గినా, జ్వరం వచ్చినా, గాయం నుంచి స్రావం కారినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఈ సంగతి ఇంట్లోని మనిషికి తెలుగులో, అర్థమయ్యేలా చెప్పడం చికిత్సలో భాగమే.

5. ముగింపు

కోత చిన్నది కావడం ఈ చరిత్రలో సగం మాత్రమే. మిగతా సగం ఇంటిది. నికోల్ ఇంటికి పంపడంతోపాటు నర్సునూ ఆలోచించాడు. మొదటిదాన్ని స్వీకరించి రెండవదాన్ని విడిచిపెడితే, వైద్య ప్రగతి ఖర్చును ఇంటి స్త్రీ మోయవలసి వస్తుంది. 'ఎప్పుడు పంపుతారు?' అన్న ప్రశ్నతోపాటు 'ఏ ఇంటికి, ఎవరి చేతుల్లోకి?' అన్న ప్రశ్ననూ అడగడం అవసరమని ఈ పరిశీలన తెలియజేస్తోంది.