హార్డ్‌డిస్క్ విఫలమైతే: బ్యాకప్ నుంచి సమాచార పునరుద్ధరణ

గుజరాత్‌లోని సూరత్ దేశంలోని ప్రధాన వస్త్ర కేంద్రాలలో ఒకటి. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలి నేత కుటుంబాలు అక్కడి లింబాయత్ తదితర ప్రాంతాల్లో పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతోంది. ఒకప్పుడు అట్టలపై, చిట్టా పుస్తకాలలో ఉండే జాకార్డ్, ఎంబ్రాయిడరీ డిజైన్లు, అమ్మకాలు, కూలి లెక్కలు ఇప్పుడు కంప్యూటర్‌లోకి చేరాయి. అందుచేత మగ్గం బాగానే ఉన్నా, హార్డ్‌డిస్క్ ఆగిపోతే వ్యాపారం నిలిచిపోయే పరిస్థితి ఏర్పడింది.

సాధారణ హార్డ్‌డిస్క్‌లో అయస్కాంత పూత గల పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతాయి. సమాచారాన్ని చదివే హెడ్, పళ్లేనికి వెంట్రుక మందంలో వెయ్యోవంతు కంటే తక్కువ ఎడంలో కదులుతుంది. కుదుపు తగిలినా, భాగాలు అరిగినా హెడ్ పళ్లేన్ని గీరవచ్చు. టక్‌టక్‌మనే శబ్దం, ఫైళ్లు తెరుచుకోవడంలో జాప్యం, కంప్యూటర్ తరచూ స్తంభించడం దీనికి ముందస్తు సూచనలు.

ఇటువంటి శబ్దం వినిపిస్తే వెంటనే కంప్యూటర్‌ను ఆపివేయాలి. మళ్లీ మళ్లీ ఆన్ చేస్తే నష్టం పెరుగుతుంది. డిస్క్‌ను దుకాణంలో విప్పడం ప్రమాదకరం. ధూళి రహిత గదిలో నిపుణులు మాత్రమే దానిని తెరవాలి. ఫైళ్లు పొరపాటున చెరిగిపోయి, డిస్క్ బాగానే ఉన్న సందర్భం వేరు. అప్పుడు ఆ డిస్క్‌పై కొత్తగా ఏదీ రాయకుండా ఉంటే ఫైళ్లను తిరిగి పొందే అవకాశం ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలలో మాత్రం చెరిపిన సమాచారం త్వరగానే శాశ్వతంగా తొలగిపోవచ్చు.

బ్యాకప్ ఉన్నవారు సైతం తొందరపడరాదు. ముందుగా ఆ బ్యాకప్‌కు మరో ప్రతి తీసుకోవాలి. ఏకైక ప్రతితో పని మొదలుపెట్టి అదీ చెడితే ఇక మిగిలేది ఉండదు. కంప్యూటర్‌లో వైరస్ ఉందన్న అనుమానం ఉంటే, దాన్ని పూర్తిగా శుభ్రపరచే వరకు బ్యాకప్ డ్రైవ్‌ను తగిలించకూడదు. తరువాత కొత్త డిస్క్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌ను, లెక్కల సాఫ్ట్‌వేర్‌ను స్థాపించి, ఫైళ్లను అందులోకి మార్చాలి. కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లో తెరుచుకోకపోవచ్చు.

ఫైళ్లు కనిపించినంత మాత్రాన పునరుద్ధరణ పూర్తయినట్లు కాదు. చివరి బిల్లు సంఖ్య, ఖాతాల నిల్వలు సరిచూడాలి. కొన్ని డిజైన్లను తెరిచి పరిశీలించాలి. చివరి బ్యాకప్‌కు, డిస్క్ ఆగిన రోజుకు మధ్య నమోదైన లెక్కలను కాగితపు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీఎస్‌టీ పోర్టల్‌లో దాఖలు చేసిన వివరాల ఆధారంగా తిరిగి రాయవచ్చు. డిజైన్ ఫైళ్లకు ఆ సౌకర్యం లేదు. అందువల్ల వాటికి బ్యాకప్ మరింత అవసరం. జీఎస్‌టీ చట్టం ప్రకారం ఖాతా పుస్తకాలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రపరచాలి.

ప్రతి ఎక్కడ ఉందన్నదీ ముఖ్యమే. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి భారీగా నీరు విడుదల కావడంతో తాపీ నది పొంగి, సూరత్‌లో అధిక భాగం జలమయమైంది. అటువంటి వేళ ఒకే గదిలోని కంప్యూటర్, పక్కనే ఉన్న బ్యాకప్ డ్రైవ్ రెండూ నీట మునుగుతాయి. మూడు ప్రతులు ఉంచాలి, వాటిని రెండు రకాల సాధనాల్లో భద్రపరచాలి, ఒకటి వేరే చోట ఉండాలి అన్న నియమం ఇందుకే ప్రచారంలోకి వచ్చింది. ఇంట్లో ఉంచిన డ్రైవ్ గాని, క్లౌడ్ నిల్వ గాని ఆ మూడో ప్రతి కావచ్చు. అయితే రెండు చోట్లా ఫైళ్లను ఒకేలా ఉంచే సింక్ సదుపాయం బ్యాకప్‌తో సమానం కాదు. ఒకచోట చెరిపితే రెండోచోటా చెరిగిపోతుంది.

పెద్ద సంస్థలకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో డేటాబేస్ పొరపాటున చెరిగిపోయినప్పుడు, నమ్ముకున్న బ్యాకప్ పద్ధతులు చాలావరకు పనిచేయడం లేదని అప్పుడే తెలిసింది. ఓ ఉద్యోగి సుమారు ఆరు గంటల ముందు తీసిన ప్రతి వారిని ఆదుకుంది. బ్యాకప్ తీసిన తేదీతో పాటు, దాని నుంచి ఫైళ్లను తెరిచి చూసిన తేదీని కూడా నమోదు చేసుకోవడం చిన్న వ్యాపారికైనా ఖర్చు లేని రక్షణ.