ధనుష్కోటి స్టేషను

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగారు. మా చింతలపూడికి రైలు లేదు. మామిడికాయ లారీ ఎక్కి పోతుంది, మనిషి బస్సెక్కి ఏలూరు పోయి రైలు అందుకుంటాడు. నూజివీడు పేరు పెట్టుకున్న స్టేషను కూడా ఆ ఊళ్ళో లేదు, హనుమాన్ జంక్షన్ వైపు ఉంది. రైలు లేని ఊరివాడు రైలు స్టేషను చరిత్ర రాయడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. 2018లో మేము దంపతులం రామేశ్వర యాత్రకు వెళ్ళినప్పుడు ధనుష్కోటిలో ఇసుకలో నిలిచిన మొండిగోడలు చూశాము. అవి ఒకప్పటి స్టేషను గోడలని వ్యాను డ్రైవరు చెప్పాడు. మా ఆవిడ సముద్రస్నానానికి తొందరపెట్టింది గాని, నాకు అక్కడినుంచి కదలబుద్ధి కాలేదు.

మన పెద్దలకు ధనుష్కోటి అంటే సేతుస్నానం. అక్కడి ఇసుక తీసుకుపోయి ప్రయాగలో కలిపి, గంగాజలం తెచ్చి రామేశ్వరంలో అభిషేకం చేయిస్తేనే కాశీయాత్ర పూర్తయినట్టు లెక్క. దొరలకు మాత్రం అది సింహళానికి దగ్గరి దారి. అక్కడికీ అవతలి తలైమన్నారుకూ మధ్య సముద్రం ఇరవై రెండు మైళ్ళే. మొదట్లో కొలంబో వెళ్ళేవారు తూత్తుకుడిలో ఓడ ఎక్కి చాలా దూరం ప్రయాణం చేయవలసి వచ్చేది. 1914 ఫిబ్రవరి 24న పాంబన్ వంతెన తెరిచాక ఆ బాధ తగ్గింది. 145 ఖానాల వంతెన, రెండు కిలోమీటర్ల పైన పొడవు. ఓడలు వస్తే నడిమి ఖానా రెండు రెక్కలుగా పైకి లేచేది. ఆ రెక్కలను మనుషులు చేతులతో తిప్పి లేపేవారు.

వంతెన దాటి ద్వీపం మీదికి రాగానే పాంబన్ జంక్షను. అక్కడ దారి రెండుగా చీలేది, ఒకటి రామేశ్వరానికి, ఒకటి ధనుష్కోటికి. అన్నీ మీటరుగేజి పట్టాలే. మద్రాసు ఎగ్మూరులో బయలుదేరిన బోట్ మెయిలు ధనుష్కోటి రేవు దాకా వచ్చి ఆగేది. ప్రయాణీకుడు దిగి స్టీమరు ఎక్కితే అవతలి ఒడ్డున కొలంబో రైలు సిద్ధం. టిక్కెట్టు మాత్రం మొదటినుంచి చివరిదాకా ఒకటే. ఇర్విన్, గోషెన్ అనే స్టీమర్లు చాలాకాలం ఆ రేవులో తిరిగాయి. ఇంత రాకపోకలున్నాయి గనుక ఆ ఇసుకదిబ్బ మీద స్టేషనుతో పాటు కస్టమ్స్ ఆఫీసు, పోస్టాఫీసు, ఆసుపత్రి, బడి, చర్చి వెలిశాయి. మన భాషలో చెప్పాలంటే శాంక్షను పోస్టులతో నిండిన ఊరు. బదిలీ మీద వచ్చిన ఉద్యోగి పిల్లాపాపలతో ఆ గాలిలో, ఆ ఉప్పులో కాపురం చేశాడు. మనలో మారుమూల ఫిర్కాల్లో పనిచేసినవారికి ఆ కాపురం ఎలాంటిదో నేను చెప్పనక్కరలేదు.

1964 డిసెంబరు 22 రాత్రి అదంతా పోయింది. వాయుగుండం ముదిరి తుపానై, సింహళం మీదుగా వచ్చి ద్వీపాన్ని కొట్టింది. ఆ రోజు మన సావిత్రిగారు, జెమినీ గణేశన్‌గారు కూడా రామేశ్వరంలోనే ఉన్నారు, క్షేమంగా బయటపడ్డారు. రాత్రి 11 గంటల 55 నిమిషాలకు పాంబన్‌లో బయలుదేరిన 653 నంబరు పాసింజరుకు ఆ అదృష్టం లేకపోయింది.

రైలు ధనుష్కోటి దగ్గరికి వచ్చేసరికి సిగ్నలులో దీపం లేదట. ఆ రోజుల్లో రెక్క సిగ్నళ్ళలో రాత్రిపూట కిరసనాయిలు దీపం వెలిగేది. దీపం కనబడకపోతే ఎర్రదీపంగానే ఎంచి బండి ఆపాలన్నది రైల్వే నిబంధన. డ్రైవరు ఆపాడనీ, కొంతసేపు చూసి కూత వేసి ముందుకు కదిలాడనీ, అప్పుడే పెద్ద కెరటం వచ్చి పెట్టెలన్నిటినీ మింగేసిందనీ చెబుతారు. బండిలో ఒక్కరూ మిగలలేదు గదా, మరి ఈ సంగతి చూసి చెప్పిందెవరని నాకు సందేహం. తీగలన్నీ తెగిపోయి, ఈ వార్త బయటికి రావడానికే రెండు రోజులు పట్టింది.

బండిలో పోయినవారు 115 మంది అని లెక్క. ప్రయాణీకులు 110, సిబ్బంది 5. టిక్కెట్టు లేకుండా ఎక్కినవారిని కలిపితే ఇంకా ఎక్కువ ఉంటారని అప్పటినుంచీ అంటూనే ఉన్నారు. ఈ అంకె దగ్గరే నేను ఆగిపోయాను.

కారణం చెబుతాను. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత నన్ను సహాయపు పనుల మీద అవనిగడ్డ వైపు పంపారు. సర్వీసులో చేరి ఎన్నో ఏళ్ళు కాలేదు. నా పని చనిపోయినవారి జాబితా రాయడం. ఊరివారి పేర్లకు ఏదో ఒక రికార్డు ఉండేది, పోల్చి రాసేవాళ్ళం. వరికోతలకు పైనుంచి వచ్చిన కూలీలకు ఆ ఊళ్ళో ఏ రికార్డూ లేదు. ఒక ముసలాయన నా బల్ల దగ్గరికి వచ్చి, "బాబూ, మా కోడలు కోతకొచ్చింది, పేరు రాయండి" అన్నాడు. ఏ ఊరని అడిగాను. ఈ ఊరు కాదన్నాడు. మీ ఊళ్ళో రాయించుకో తాతా అని పంపేశాను. కాలమ్ ప్రకారం నేను చేసింది సరే. ఆయన మారుమాట అనకుండా వెళ్ళిపోయాడు. పేరు చెప్పనైనా చెప్పించుకోలేదు నేను. ఆ ఉప్పెనలో మృతుల లెక్క పదివేలు దాటింది. అందులో ఆ అమ్మాయి ఉందో లేదో నాకు తెలియదు. ధనుష్కోటి బండిలో టిక్కెట్టు లేనివారి మాట చదివినప్పుడల్లా ఆ తాతే కళ్ళముందుకు వస్తాడు.

తరువాతి సంగతులు క్లుప్తంగా చెబుతాను. ఆ తుపానులో పాంబన్ వంతెన గర్డర్లు చాలా భాగం సముద్రంలో పడిపోగా, శ్రీధరన్ అనే యువ ఇంజనీరు 46 రోజుల్లో వంతెనను తిరిగి నిలబెట్టించాడు. తరువాత కొంకణ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టించిన శ్రీధరన్‌గారు ఆయనే. ధనుష్కోటి పట్టాలను మాత్రం మళ్ళీ వేయలేదు. ఊరు మనుషుల నివాసానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది, అయినా జాలరి కుటుంబాలు గుడిసెలు వేసుకుని అక్కడే ఉన్నాయి. కొన్నేళ్ళు స్టీమరు రామేశ్వరం నుంచి నడిచి, 1980లలో అదీ ఆగింది. 2007లో పాంబన్ వంతెన మీద బ్రాడ్‌గేజి వచ్చింది. 2019లో ధనుష్కోటి లైనుకు శంకుస్థాపన జరిగింది గాని, పట్టాలు పడలేదు. పాత వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్ళు ఆపేశారు. 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైన కొత్త వంతెనలో నడిమి ఖానా నిలువుగా పైకి లేస్తుంది.

యాత్రకు వెళ్ళే మన సభ్యులకు ఒక మాట. 2017 నుంచి అరిచల్‌మునై కొన దాకా తారురోడ్డు ఉంది, వ్యాన్లు, బస్సులు పోతాయి. సాయంత్రమయ్యాక అక్కడ ఎవరినీ ఉండనివ్వరు గనుక ఉదయమే బయలుదేరండి. స్నానం అయ్యాక తిరుగుదారిలో స్టేషను గోడల దగ్గర వ్యాను ఆపమనండి. అడగకపోతే డ్రైవర్లు ఆపరు.