గుద్దు బలం: టైసన్ నుంచి ఉదయగిరి దాకా

హెవీవెయిట్ బాక్సర్లలో ఎవడి గుద్దు గట్టిది? బాక్సింగ్ చూసేవాళ్ళు ఏ ఇద్దరు కలిసినా వాదన చివరికి ఇక్కడికే వస్తుంది. ఎన్టీఆరా ఏఎన్నారా అన్నట్టు, టైసనా ఫోర్‌మనా అని. మా ఆఫీసు క్యాంటీన్లోనూ ఇదే గోల, ఊరెళ్తే మా ఆత్మకూరులో (నెల్లూరు జిల్లాది లెండి, నంద్యాల జిల్లాది కాదు) టీ కొట్టు దగ్గరా ఇదే గోల. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఈ వాదన తెగకపోవడానికి కారణం మనం కొట్టేవాడిని మాత్రమే కొలుస్తున్నాం, తినేవాడిని లెక్కలోకి తీసుకోవట్లేదు. మా ఉదయగిరిని గెలిచిన రాజుగారి కొలువులో ఈ లెక్క ఇంకోలా ఉండేది. అక్కడికి వస్తాను, ముందు కాస్త అంకెలు చూద్దాం.

అందరూ ముందు తీసేది నాకౌట్ శాతం. రాకీ మార్సియానో 49 ఫైట్లు ఆడి 49 గెలిచాడు, అందులో 43 నాకౌట్లు. జార్జ్ ఫోర్‌మన్ 81 ఆడి 76 గెలిచాడు, నాకౌట్లు 68. శాతం తీస్తే మార్సియానోదే పైచేయి. కానీ మార్సియానో బరువు 85 కిలోలకి అటూఇటూనే. ఈ కాలం లెక్కలో అయితే అతను హెవీవెయిట్ కూడా కాదు, దాని కింది క్రూజర్‌వెయిట్! అతని చేతిలో పడినవాళ్ళూ చాలామంది అదే సైజు. వేరు వేరు మిషన్ల మీద రన్ చేసిన బెంచ్‌మార్కుల్ని పక్కపక్కన పెట్టి ఏ ప్రాసెసర్ ఫాస్టో తేల్చినట్టుంటుంది ఇది.

సరే, ల్యాబులో కొలిస్తే? అదీ అయింది. 1985లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫ్రాంక్ బ్రూనో గుద్దు మీద ఒక పేపర్ వచ్చింది. చెయ్యి వేగం సెకనుకి 8.9 మీటర్లు, బలం 4096 న్యూటన్లు. అంటే దాదాపు నాలుగు క్వింటాళ్ళ బరువుకి సమానం. తగిలిన 14 మిల్లీసెకన్లలోనే ఆ బలం వచ్చేసింది. మెత్త కట్టిన ఆరు కిలోల కొయ్య సుత్తిని గంటకి 20 మైళ్ళ వేగంతో విసిరితే ఎంతో, అంత అన్నమాట. అంత గుద్దు ఉన్న బ్రూనో 1986లో విదర్‌స్పూన్ చేతిలో, 1989లో టైసన్ చేతిలో ఓడిపోయాడు. ప్రపంచ టైటిల్ గెలవడానికి 1995 దాకా ఆగాల్సొచ్చింది.

2005లో ఇంకో పరిశోధనలో ఏడుగురు ఒలింపిక్ బాక్సర్ల గుద్దులు కొలిచారు. పెద్ద బరువువాళ్ళ దెబ్బ గట్టిగా ఉండటానికి ముఖ్య కారణం వేగం కాదట, గుద్దు వెనకాల కలిసొచ్చే శరీర బరువట. ఇక ఫ్రాన్సిస్ ఎన్‌గానూ గుద్దు 1,29,161 అని నెట్‌లో తెగ తిరిగింది. 1,29,161 ఏంటి? న్యూటన్లా, కిలోలా? అది ఆ మిషన్ సొంత యూనిట్. యూనిట్ లేని అంకెకి విలువెంతో మనకి వేరే చెప్పక్కర్లేదు. ఆ ఎన్‌గానూనే 2023లో టైసన్ ఫ్యూరీని కింద పడేసి కూడా పాయింట్ల మీద ఓడాడు, 2024లో జాషువా చేతిలో రెండో రౌండ్లోనే పడిపోయాడు.

ఇప్పుడు ఉదయగిరికి వద్దాం. గుద్దులాట అనగానే మనకి గ్లవ్స్, లాస్ వెగాస్ గుర్తొస్తాయి గానీ, ఇది మనకి కొత్తేం కాదు. 1514లో గజపతుల నుంచి ఉదయగిరి దుర్గం గెలుచుకున్న శ్రీకృష్ణదేవరాయలు స్వయంగా కసరత్తు మనిషి. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు అతను రాసిపెట్టాడు: రాయలవారు తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒళ్ళంతా పట్టించుకుని, బరువులెత్తి, కత్తి సాము చేసి, తర్వాత ఒక మల్లుడితో కుస్తీ పట్టేవారట. మహర్నవమి ఉత్సవాల్లో మల్లయుద్ధాలు చూసి పేస్ ఆశ్చర్యపోయాడు. అవి వాళ్ళ దేశపు కుస్తీల్లా లేవట. పళ్ళు రాలేలా, కళ్ళు పోయేలా గుద్దుకుంటున్నారట.

ఆ తర్వాత వచ్చిన నూనిజ్ ఇంకో వివరం ఇచ్చాడు. ఈ మల్లులు వెయ్యిమంది దాకా ఉండేవాళ్ళు. చేతుల్లో మొనలున్న కడియాల్లాంటివి పట్టుకుని కొట్టుకునేవాళ్ళు. వజ్రముష్టి అంటామే, ఆ కోవే. (మైసూరు దసరాలో వజ్రముష్టి పోరు ఇప్పటికీ జరుగుతుంది, మొదటి రక్తం చుక్క కనపడగానే ఆపేస్తారు.) నన్ను ఆపేసింది మాత్రం నూనిజ్ రాసిన ఆ తర్వాతి మాట. ఎక్కువ గాయాలైనవాడు వెళ్ళి రాజుగారి నుంచి పట్టుబట్ట బహుమతిగా తీసుకుంటాడట!

ఒక్కసారి ఆలోచించండి. కొట్టినవాడికి కాదు, తిన్నవాడికి పట్టుబట్ట. దాన్ని మీరు నష్టపరిహారం అనుకోవచ్చు. నాకైతే అందులో కొలత కనిపిస్తోంది. ఇనప మొన ముందు ఎవడి గుద్దయినా చర్మం చీలుస్తుంది. అక్కడ తేడా తెలిసేది తిని నిలబడటంలోనే.

హెవీవెయిట్ చరిత్ర కూడా ఇదే చెప్తుంది. ఎర్నీ షేవర్స్‌ని మించి కొట్టినవాడు లేడని పాత ఆటగాళ్ళు చాలామంది అంటారు. అతను ప్రపంచ టైటిల్ ఒక్కసారి కూడా గెలవలేదు. 1977లో అలీ అతని ముందు 15 రౌండ్లు నిలబడి గెలిచాడు. 1979లో లారీ హోమ్స్ ఏడో రౌండ్లో కింద పడి, లేచి, పదకొండో రౌండ్లో ఫైట్ ముగించాడు. 1974లో కిన్షాసాలో అలీ తాళ్ళకి ఆనుకుని ఫోర్‌మన్ గుద్దులన్నీ ఒంటి మీద వేయించుకున్నాడు. ఫోర్‌మన్ అలిసిపోయాక ఎనిమిదో రౌండ్లో పడగొట్టాడు.

అన్నట్టు, మా దుర్గం పడింది కూడా ఒక్క దెబ్బకి కాదు. నూనిజ్ లెక్కలో రాయలవారి వెంట 34 వేల కాల్బలం, 800 ఏనుగులు. కోటలో ఉన్నది 10 వేల మంది, 400 గుర్రాలు. అయినా దాదాపు ఏడాదిన్నర పట్టింది. మనిషి వెనక మనిషి మాత్రమే నడవగలిగే దారి అది. బండలు పగలగొట్టి కొత్త బాటలు వేస్తే గానీ సైన్యం బురుజుల దాకా పోలేకపోయింది. గెలిచాక అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీ తీసుకెళ్ళి 1515లో గుడి కట్టి ప్రతిష్ఠించారు. హంపీ వెళ్ళినప్పుడు ఆ కృష్ణాలయం ముందు నిలబడి చూస్తే, ఓడిన కోట ఎంత గట్టిదో గెలిచినవాడే ఒప్పుకున్నట్టు అనిపిస్తుంది.

కాబట్టి ఈసారి ఎవరైనా ఎవడి గుద్దు గట్టిది అని అడిగితే, ఎదురు ఇంకో ప్రశ్న వెయ్యండి: ఆ గుద్దు తిని లేచి నిలబడింది ఎవరు? నా ఓటు అలీకి, హోమ్స్‌కి. టైసన్ అభిమానులు కోప్పడకండి. మీ లెక్క మీరు చెప్పండి, వింటాను, యూనిట్లు మాత్రం మర్చిపోకండి.