ఇంట్లో చీమలు: పొడి చల్లే ముందు దారి కనుక్కోండి

వానలు మొదలై పొలాల్లోకి నీళ్లు రాగానే పెగడపల్లి చుట్టుపక్కల ఇళ్లలో చీమల బెడద పెరుగుతుంది. గూడు తడిస్తే చీమలు పొడి జాగ వెతుక్కుంటూ గోడ పగుళ్లలోంచి లోపలికి వస్తాయి. ఎండాకాలంలో తడి కోసం, మామిడి పండ్లప్పుడు తీపి కోసం వస్తాయి. గల్ఫ్ నుంచి తెచ్చిన ఖర్జూరం డబ్బా మూత సరిగా పెట్టకపోయినా, ఇఫ్తార్ అయ్యాక దస్తర్‌ఖాన్ దులపకపోయినా తెల్లారేసరికి బారు కడతాయి.

చాలామంది వెంటనే పొడి చల్లుతారు, లేదంటే స్ప్రే కొడతారు. కనిపించినవి చస్తాయి. వారం తిరగకముందే మళ్లీ వస్తాయి.

ఎందుకు తిరిగి వస్తాయి?

మనకు కనిపించేవి తిండి మోసే చీమలు మాత్రమే. గుడ్లు పెట్టే రాణి గూట్లోనే ఉంటుంది. తిండి దొరికిన చీమ తిరిగి పోతూ నేల మీద వాసన వదులుతుంది. మిగతావి ఆ వాసన పట్టుకుని వస్తాయి.

వంటింట్లో తిరిగే సన్నని పసుపు రంగు చీమలను ఫారో చీమలు అంటారు. పొడవు సుమారు 2 మిల్లీమీటర్లు. వీటి గూట్లో చాలా రాణులుంటాయి. స్ప్రే కొడితే గూడు చెదిరి, వేర్వేరు చోట్ల కొత్త గూళ్లు పెడతాయి. ఒక అర్రలో ఉన్న బెడద మూడు అర్రలకు పాకుతుంది.

వరుసగా చేయాల్సిన పనులు

1. తిండి దొరక్కుండా చేయండి. చక్కెర, బెల్లం, ఖర్జూరం, మిఠాయి గట్టి మూత డబ్బాల్లో పెట్టండి. ఎంగిలి గిన్నెలు రాత్రంతా ఉంచకండి. చెత్త డబ్బా పడుకునే ముందే ఖాళీ చేయండి. కారే నల్లా బాగు చేయించండి.

2. దారి కనుక్కోండి. చీమలను వెంటనే తుడిచేయకుండా, ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. కిటికీ చౌకట్టు, స్విచ్ బోర్డు, గడప కింద, నీళ్ల పైపు పక్కన వెతకండి.

3. వాసన కడిగేయండి. బారు ఉన్న చోటంతా సబ్బు నీళ్లతో గానీ, నీళ్లు కలిపిన సిర్కాతో గానీ తుడవండి. స్విచ్ బోర్డు దగ్గర మాత్రం తడి గుడ్డ వాడకండి.

4. పగులు మూయండి. గోడ పగుళ్లకు తెల్ల సిమెంటు చాలు. మన దగ్గర పసుపుకు కొదవ లేదు కాబట్టి చాలామంది పసుపు గీత గీస్తారు. అది పొడిగా ఉన్నంతసేపే అడ్డం. చీమలు పక్కనుంచి తిరిగి వస్తాయి.

అయినా తగ్గకపోతే

నాలుగైదు రోజులైనా వస్తుంటే ఎర పెట్టండి. 200 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో 4 చెంచాల చక్కెర, అర చెంచా బోరిక్ యాసిడ్ పొడి బాగా కరిగించండి. దూది తడిపి, మూతకు చిన్న రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి చీమల దారిలో ఉంచండి. చీమలు దాన్ని కడుపులో మోసుకుపోయి గూట్లో నోటి నుంచి నోటికి పంచుతాయి. అలా రాణిదాకా చేరుతుంది. మందు ఎక్కువ వేస్తే దారిలోనే చస్తాయి, గూడు అట్లాగే ఉంటుంది.

ఎర పెట్టినన్ని రోజులు అక్కడ స్ప్రే కొట్టకండి, కడగకండి. ఒకటి రెండు వారాలు ఓపిక పట్టాలి. బోరిక్ యాసిడ్ కూడా విషమే. పిల్లలకు, కోళ్లకు, మేకలకు అందనీయకండి. కలిపిన గిన్నె, చెంచా మళ్లీ వంటకు వాడకండి.

చీమలను చంపవచ్చా?

ఈ ప్రశ్న మన ఇళ్లలో పెద్దవాళ్లు తరచూ అడుగుతారు. చీమలను చంపవద్దన్న హదీసు అబూ దావూద్‌లో ఉంది. ఒక చీమ కుట్టిందని గూడు మొత్తం కాల్పించిన ఒక ప్రవక్తను అల్లాహ్ మందలించిన సంగతి బుఖారీ, ముస్లిం హదీసుల్లో ఉంది. హాని చేస్తుంటే ముందు చంపకుండా తరిమే దారి చూడాలని, వేరే దారి లేనప్పుడే అవసరమైనంత వరకు చంపవచ్చని చాలామంది ఉలమా చెప్తారు. పై నాలుగు పనులు ముందు, ఎర చివర్న చెప్పింది అందుకే. సందేహముంటే మీ ఆలిమ్‌ను అడగండి. కిరోసిన్ పోసి గూడు కాల్చడం మాత్రం అస్సలు వద్దు. ఇల్లే అంటుకోవచ్చు.

ఇవి ఇంట్లోకి తేవద్దు

పొలానికి తెచ్చిన పురుగుమందు ఇంట్లో చల్లకండి. పెద్దలు గమాక్సిన్ అని పిలిచే బీహెచ్‌సీ పొడిని మన దేశంలో 1997లో నిషేధించారు. అదే కోవకు చెందిన లిండేన్ వాడకం 2013లో ఆగింది. పాత డబ్బా అటక మీద ఉంటే తెరవకండి. చీమల చాక్‌పీసు కూడా పురుగుమందే. పిల్లలు బలపం అనుకుని నోట్లో పెట్టుకుంటారు. అట్లా జరిగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. డబ్బా పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి.

పసిపిల్లలున్న ఇంట్లో

పాలు కారిన బట్టలకు ఎర్ర చీమలు పడతాయి. మంచం గోడకు ఆనించకండి, దుప్పటి నేలకు తగలనీయకండి. కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే మూడు నాలుగు రోజులకోసారి కడిగి మార్చండి, లేకపోతే దోమలు పుడతాయి. కుడితే సబ్బుతో కడిగి చల్లని గుడ్డ వేయండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చెదలు చీమలు కావు

తొలకరి వానకు దీపం చుట్టూ మూగే ఉసిళ్లు రెక్కలొచ్చిన చెదలు. వాటి నాలుగు రెక్కలు ఒకే పొడవుంటాయి, నడుము సన్నగా ఉండదు. తలుపు చౌకట్టుకు మట్టి గీతలు కనిపిస్తే అది చెద పనే. దానికి ఈ చిట్కాలు పనిచేయవు. చెదల మందు కొట్టడం తెలిసినవారిని పిలిపించండి.