రైజెన్ 7 5800ఎక్స్3డి: ఏఎం4 బోర్డుపై గేమింగ్ అప్‌గ్రేడ్, ట్యూనింగ్

రైజెన్ 7 5800ఎక్స్3డి ఏఎండీ సంస్థ 2022 ఏప్రిల్ 20న విడుదల చేసిన డెస్క్‌టాప్ ప్రాసెసర్. ఏఎం4 సాకెట్ ఉన్న మదర్‌బోర్డుల్లో పనిచేస్తుంది. జెన్ 3 డిజైన్ మీద 8 కోర్లు, 16 థ్రెడ్లతో తయారైంది. విడుదల నాటి ధర 449 అమెరికన్ డాలర్లు. మామూలు డెస్క్‌టాప్ వినియోగదారులకు అందిన ప్రాసెసర్లలో, చిప్పు మీద మరో చిప్పు పేర్చి క్యాష్ మెమరీని పెంచిన మొదటిది ఇదే. పాత బోర్డు, పాత ర్యామ్ అలాగే ఉంచి, ప్రాసెసర్ ఒక్కటి మార్చి కంప్యూటర్‌ని కొత్త ఆటలకు పనికొచ్చేలా చేసుకోవాలనుకున్న వాళ్లకు ఇంతకన్నా మంచి అవకాశం ఇటీవలి కాలంలో రాలేదు. ట్యూనింగ్ అంటే స్పీడు పెంచడమే అనే పాత అలవాటును కూడా ఇది తిరగేసింది. దీన్ని ఓవర్‌క్లాక్ చేయడానికి వీల్లేదు. వోల్టేజీ తగ్గించడమే దీనికి ట్యూనింగ్.

సాకెట్ కథ

ఏఎం4 సాకెట్‌లో 1,331 పిన్ను రంధ్రాలు ఉంటాయి. పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి. 2017 మార్చి 2న వచ్చిన తొలి రైజెన్‌లతో ఈ సాకెట్ జనంలోకి వెళ్లింది. ఆ తర్వాత 2018లో జెన్ ప్లస్, 2019 జులైలో జెన్ 2, 2020 నవంబరులో జెన్ 3 ఇదే సాకెట్‌లో కూర్చున్నాయి. తయారీ 14 నానోమీటర్ల నుంచి 7 నానోమీటర్లకు దిగింది. ఒకే సాకెట్ మీద ఇన్ని తరాలు నడవడం ఇటీవలి ఇంటెల్ బోర్డులు కొన్నవాళ్లు చూడని సంగతి.

ఇదంతా సాఫీగా జరగలేదు. జెన్ 3 ప్రాసెసర్లు 500 సిరీస్ బోర్డుల్లోనే పనిచేస్తాయని 2020 మే మొదట్లో ఏఎండీ ప్రకటించింది. అంతకుముందు ఏడాదే బీ450 బోర్డు కొన్నవాళ్లు గట్టిగా నిలదీశారు. రెండు వారాలు తిరగకముందే సంస్థ మాట మార్చి, బీ450, ఎక్స్470 బోర్డులకు బీటా బయాస్ ఇస్తామంది. 2022 మార్చిలో ఏ320, బీ350, ఎక్స్370 బోర్డులకూ ఆ వెసులుబాటు దక్కింది. 2017లో బోర్డు కొన్న మనిషి ఐదేళ్ల తర్వాత అందులోనే 5800ఎక్స్3డి పెట్టుకోగలిగాడంటే, కొనుగోలుదారులు పట్టుబట్టడం వల్లే. పని చేస్తున్న బోర్డును చెత్తకుప్పకు పంపనవసరం లేకుండా పోవడం చిన్న లాభం కాదు.

ఈ పాత బోర్డులతో ఒక ఇబ్బంది ఉంది. చాలావాటిలో బయాస్ ఉండే చిప్పు 16 మెగాబైట్లదే. అన్ని తరాల ప్రాసెసర్ల సమాచారం అందులో పట్టదు. అందుకే కొత్త బయాస్‌లో కొన్ని పాత ప్రాసెసర్లను తీసేస్తారు. అలాంటి బయాస్ ఎక్కించాక పాత ప్రాసెసర్‌తో బోర్డు లేవకపోవచ్చు. బోర్డు కంపెనీ ఇచ్చే ప్రాసెసర్ల పట్టికను, ఏ బయాస్ వెర్షన్ నుంచి మద్దతు ఉందన్న వివరాన్ని ముందే చదువుకోవాలి.

క్యాష్ ఎందుకు పని చేసింది

మామూలు 5800ఎక్స్‌లో ఎల్3 క్యాష్ 32 మెగాబైట్లు. 5800ఎక్స్3డిలో దాని మీద 64 మెగాబైట్ల మరో చిప్పు పేర్చి మొత్తం 96 మెగాబైట్లు చేశారు. రెండు చిప్పుల మధ్య టంకం ఉండదు. రాగి తలాలను నేరుగా ఒకదానికొకటి అతికించి, సిలికాన్‌లోంచి నిలువుగా దిగే సన్నని దారులతో కలుపుతారు. తయారీ టీఎస్ఎంసీది. ఈ పద్ధతిని 2021 కంప్యూటెక్స్ ప్రదర్శనలో ఏఎండీ అధినేత్రి లీసా సు తొలిసారి చూపించారు.

ఆటకు ఇదెందుకు కావాలి? సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ప్రతి ఫ్రేము 16.7 మిల్లీసెకన్లలో పూర్తవాలి. 144 ఫ్రేములు కావాలంటే 6.9 మిల్లీసెకన్లే. ఆ కాస్త సమయంలో ప్రాసెసర్ వందల పాత్రల స్థితిగతులు, భౌతిక లెక్కలు, గ్రాఫిక్స్ కార్డుకు ఇవ్వాల్సిన ఆదేశాలు అన్నీ సిద్ధం చేయాలి. ఈ సమాచారం మెమరీలో చెల్లాచెదురుగా ఉంటుంది. ఎల్3 క్యాష్‌లో దొరికితే సుమారు 50 సైకిళ్లలో చేతికొస్తుంది. దొరక్కపోతే ర్యామ్ దాకా వెళ్లి రావాలి. బాగా ట్యూన్ చేసిన డీడీఆర్4 ర్యామ్‌తో కూడా అది 60, 70 నానోసెకన్ల పని. 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర లెక్కేస్తే దాదాపు 300 సైకిళ్లు. పోపుల పెట్టె పొయ్యి పక్కనే ఉండటానికీ, ఆవాల కోసం ప్రతిసారీ కిరాణా కొట్టుకు పరుగెత్తడానికీ ఉన్నంత తేడా. పేర్చిన చిప్పు వల్ల క్యాష్ ఆలస్యం నాలుగు సైకిళ్లే పెరిగింది. పరిమాణం మాత్రం మూడింతలైంది.

అందుకే క్లాకు తగ్గినా ఆటల్లో వేగం పెరిగింది. 5800ఎక్స్ బూస్ట్ 4.7 గిగాహెర్ట్జ్, 5800ఎక్స్3డిది 4.5. వీడియో రెండరింగ్, బ్లెండర్ వంటి పనుల్లో కొత్త చిప్పే కాస్త వెనకబడుతుంది. ఆటలకు వచ్చేసరికి 1080పీ రిజల్యూషన్‌లో 12 కోర్ల 5900ఎక్స్ కన్నా సగటున 15 శాతం ముందుంటుందని ఏఎండీ చెప్పుకుంది. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, ఫ్యాక్టోరియో, అసెట్టో కోర్సా కాంపెటిజియోనే, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వంటివాటిలో లాభం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మామూలు క్యాష్‌లోనే ఇమిడిపోయే ఆటల్లో తేడా తెలియదు. నా దృష్టిలో సగటు ఫ్రేముల కన్నా ముఖ్యమైన లాభం మరొకటి: అతి నెమ్మదైన ఒక శాతం ఫ్రేములు మెరుగుపడతాయి. ఆడేవాళ్లు ‘ల్యాగ్ కొడుతోంది’ అనే ఆ కుదుపు అక్కడే పుడుతుంది.

కొనే ముందు చూడాల్సింది

ఆట నడుస్తుండగా రిజల్యూషన్ ఒక మెట్టు తగ్గించి చూడాలి. ఫ్రేములు పెరిగితే ఇరుకు గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఉన్నట్టు. పెరగకుండా అక్కడే ఆగితే ప్రాసెసర్ దగ్గర ఉన్నట్టు. 4కే తెర మీద మధ్యస్థాయి కార్డుతో ఆడే మనిషి ఎంత మంచి ప్రాసెసర్ పెట్టినా తేడా చూడలేడు. ఆ డబ్బు కార్డు మీద పెట్టడం మేలు.

మరో సంగతి: బీ450 బోర్డులో పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడో తరం వేగమే వస్తుంది. ప్రాసెసర్ నాలుగో తరానికి సిద్ధంగా ఉన్నా బోర్డు ఒప్పుకోదు. పదహారు లేన్ల కార్డుకు నష్టం నామమాత్రం. నాలుగే లేన్లున్న ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ వంటి కార్డు మాత్రం బాగా దెబ్బతింటుంది.

మార్చే విధానం

బయాస్ అప్‌డేట్ పాత ప్రాసెసర్ ఉన్నప్పుడే చేయాలి. ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఫైలు పెట్టి, బయాస్ లోపలి నుంచే ఎక్కించడం అన్నిటికన్నా భద్రం. మధ్యలో కరెంటు పోతే బోర్డు చచ్చిపోవచ్చు కాబట్టి యూపీఎస్ లేకుండా ఈ పనికి దిగకూడదు. కరెంటు కోతల వేళలు తెలిసిన ఊళ్లలోనైతే ఆ వేళలు తప్పించి చేసుకోవాలి.

విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోవాలి. ఏఎం4 బోర్డుల్లో ఆ తాళంచెవులు దాచే టీపీఎం ప్రాసెసర్ లోపలే ఉంటుంది. ప్రాసెసర్ మారగానే, కొత్త ప్రాసెసర్ కనిపించింది, టీపీఎం రీసెట్ చేయమంటావా అని నల్ల తెర మీద బోర్డు అడుగుతుంది. ఒప్పుకుంటే పాత తాళంచెవులు పోతాయి. కీ చేతిలో లేనివాళ్ల ఫైళ్లు డిస్కులోనే ఉండి కూడా తెరుచుకోవు.

పాత ప్రాసెసర్‌ని బయటికి తీసేటప్పుడు చాలా జాగ్రత్త కావాలి. థర్మల్ పేస్ట్ గట్టిపడి ఉంటే, కూలర్‌ని నిలువుగా లాగినప్పుడు ప్రాసెసర్ కూడా దానికి అంటుకుని సాకెట్‌లోంచి ఊడివస్తుంది. లివర్ కిందకి వేసి ఉన్నా ఆగదు. అలా ఊడినప్పుడే పిన్నులు వంగుతాయి. అందుకే కాసేపు ఏదైనా ఆట నడిపి చిప్పు వేడెక్కాక కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, కూలర్ స్క్రూలు వదులు చేసి, దాన్ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ పేస్ట్ పట్టు వదిలించి పైకి తీయాలి. కొత్త ప్రాసెసర్ మూల మీది బంగారు త్రిభుజాన్ని సాకెట్ మీది గుర్తుతో కలిపి పెడితే దాని బరువుకే అది దిగుతుంది. వేలితో నొక్కాల్సి వస్తే ఎక్కడో తేడా ఉన్నట్టే. 5800ఎక్స్3డి పెట్టెలో కూలర్ రాదు, విడిగా కొనుక్కోవాలి.

ప్రాసెసర్ మార్చాక బయాస్ సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. 3600 ర్యామ్ 2133 దగ్గరో 2666 దగ్గరో నడుస్తుంటుంది. ర్యామ్‌ను దాని అసలు వేగానికి తెచ్చే ఎక్స్ఎంపీ మళ్లీ ఆన్ చేయాలి. కొన్ని బోర్డుల్లో దీని పేరు డీఓసీపీ. ఏఎం4లో డీడీఆర్4-3600 మంచి మజిలీ: ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ 1800 మెగాహెర్ట్జ్ దగ్గర ర్యామ్‌తో సమానంగా అడుగేస్తుంది. 5800ఎక్స్3డి ర్యామ్ మీద ఆధారపడటం తక్కువ కాబట్టి, 3200 ర్యామ్ ఉన్నవాళ్లు కొత్తది కొనాల్సిన పని లేదు. విండోస్ 10, 11లలో ఆట మధ్యలో అప్పుడప్పుడు క్షణకాలం బిగుసుకుపోయే జబ్బు ఒకటి ఉండేది. టీపీఎం దానికి కారణమని ఏఎండీ 2022 మార్చిలో ఒప్పుకుంది. బయాస్‌లో ఏఎండీ ఇచ్చే కోడ్ అయిన అజీసా 1.2.0.7తోనూ, ఆ పైనా వచ్చిన బయాస్‌లలో దాన్ని సరిచేశారు.

ట్యూనింగ్

పేర్చిన క్యాష్ చిప్పు ఎక్కువ వోల్టేజీని తట్టుకోలేదు. ఈ ప్రాసెసర్‌కి గరిష్ఠ వోల్టేజీ 1.35 దగ్గరే ఆపి, మల్టిప్లయర్‌కి ఏఎండీ తాళం వేసింది. కోర్ల వేడి పైనున్న అదనపు సిలికాన్ పొర దాటి కూలర్‌కి చేరాలి కాబట్టి, అదే వాటేజీ దగ్గర ఇది 5800ఎక్స్ కన్నా త్వరగా వేడెక్కుతుంది. ఉష్ణోగ్రత పరిమితి 90 డిగ్రీల సెల్సియస్. కాగితం మీద టీడీపీ 105 వాట్లు, సాకెట్ నుంచి తీసుకోగల పరిమితి 142 వాట్లు. ఆటల్లో సాధారణంగా అందులో సగమే వాడుతుంది. చౌక బోర్డుల మీద కూడా ఇది నిలదొక్కుకోవడానికి కారణం అదే.

ఇక్కడ ఉపయోగపడేది కర్వ్ ఆప్టిమైజర్. ఒక్కో క్లాకుకు ఎంత వోల్టేజీ ఇవ్వాలన్నది ప్రతి ప్రాసెసర్‌లోనూ ఫ్యాక్టరీలోనే రాసి ఉంటుంది. ఏ చిప్పూ ఫెయిల్ కాకూడదని అందులో కొంత మిగులు పెడతారు. కర్వ్ ఆప్టిమైజర్ ఆ రేఖను మొత్తంగా కిందికి జరుపుతుంది. ఒక్కో మెట్టు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. రుణ 30 దాకా దిగవచ్చు. వోల్టేజీ తగ్గితే వేడి తగ్గుతుంది. వేడి తగ్గితే ప్రాసెసర్ తన 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఎక్కువసేపు నిలబడుతుంది. మొదట్లో చాలా బోర్డుల బయాస్‌లో ఈ సెట్టింగు 5800ఎక్స్3డికి కనిపించేది కాదు. పీబీఓ2 ట్యూనర్ అనే చిన్న ప్రోగ్రాంతో విండోస్ లోంచే అమర్చుకునేవారు. అలా పెట్టింది రీస్టార్ట్‌తో పోతుంది కాబట్టి టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టి ప్రతిసారీ నడిచేలా చేయాలి. ఎంఎస్ఐ తన బోర్డుల్లో కొంబో స్ట్రైక్ పేరుతో మూడు మెట్ల సెట్టింగు ఇచ్చింది. స్పెసిఫికేషన్ దాటి మార్చిన సెట్టింగుల వల్ల కలిగే నష్టానికి వారంటీ వర్తించకపోవచ్చన్నది గుర్తుంచుకోవాలి.

రుణ 30 పెట్టగానే కంప్యూటర్ లేచిందని, బెంచ్‌మార్కు పూర్తయిందని సంబరపడకూడదు. వోల్టేజీ మరీ తక్కువైన చిప్పు పూర్తి భారం మీద కాక, తేలికైన పని మీదే ఎక్కువగా పడిపోతుంది. ఒకే కోర్ గరిష్ఠ క్లాకుకు ఎగిరే క్షణంలో, బ్రౌజరు తెరిచినప్పుడో ఊరికే ఉన్నప్పుడో రీస్టార్ట్ అవుతుంది. కోర్ సైక్లర్ వంటి ప్రోగ్రాం ఒక్కో కోర్‌ని విడిగా పరీక్షిస్తుంది. దాన్ని రాత్రంతా నడపాలి. ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ (WHEA-Logger) పేరుతో 18 నంబరు తప్పు, క్యాష్ హైరార్కీ ఎర్రర్ అని కనిపిస్తే, అక్కడ రాసి ఉన్న కోర్‌కి మెట్లు తగ్గించాలి. అన్ని కోర్లూ ఒకే నాణ్యతతో ఉండవు. ఏడు కోర్లు 30 తట్టుకుని, ఎనిమిదోది 18 దగ్గరే ఆగవచ్చు. క్లాకు అంకె బాగానే ఉండి స్కోరు తగ్గిందంటే, హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోలో ఎఫెక్టివ్ క్లాకు చూడాలి. వోల్టేజీ చాలనప్పుడు చిప్పు లోలోపల నెమ్మదించడం అక్కడ బయటపడుతుంది.

ఏ రుతువులో ట్యూన్ చేశారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. అదే భారం, అదే ఫ్యాన్ వేగం ఉంటే గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే చిప్పు దాదాపు అన్నే డిగ్రీలు పెరుగుతుంది. జనవరిలో 26 డిగ్రీల గదిలో 75 చూపించిన చిప్పు, మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో 38 డిగ్రీల గదిలో 87 దగ్గరికి చేరుతుంది. పరిమితికి మూడు డిగ్రీల దూరం. మన ఎండలకు సరిపడేలా ఫ్యాన్ రేఖను, కేసులో గాలి దారిని వేసవిలోనే సరిచూసుకోవడం మంచిది.

తర్వాత వచ్చినవి

2024 జనవరిలో 4.1 గిగాహెర్ట్జ్ బూస్ట్‌తో, 249 డాలర్లకు 5700ఎక్స్3డి వచ్చింది. క్యాష్ అంతే, క్లాకు మాత్రం తక్కువ. ఏఎం4కి వారసుడైన ఏఎం5 సాకెట్‌లో పిన్నులు బోర్డు వైపుకు మారాయి, డీడీఆర్5 తప్పనిసరైంది. అందులో 7800ఎక్స్3డి 2023 ఏప్రిల్‌లోనూ, 9800ఎక్స్3డి 2024 నవంబరులోనూ వచ్చాయి. రెండోదానిలో క్యాష్ చిప్పును కోర్ల కిందికి మార్చారు. కోర్ల వేడి నేరుగా పైకి వెళ్లే దారి దొరికింది కాబట్టి ఓవర్‌క్లాకింగ్ తాళం కూడా తీసేశారు.

5800ఎక్స్3డిని సెకండ్ హ్యాండ్‌లో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట కొనేవాళ్లు ప్రాసెసర్‌ని వెలుతురులో పక్కకు వంచి, పిన్నుల వరుస వెంట చూపు పోనిచ్చి చూడాలి. వంగి మళ్లీ సరిచేసిన పిన్ను వరుస తప్పి కనిపిస్తుంది. ఆ పైన దుకాణంలోనే బోర్డు మీద పెట్టించి, ఎల్3 దగ్గర 96 మెగాబైట్లు చూపిస్తోందో లేదో సీపీయూ-జెడ్‌లో చూసుకున్నాకే డబ్బివ్వాలి.