హళ్లికి హళ్లి, సున్నకు సున్న: తెలుగు లెక్కలో నాలుగూ పదీ

పెట్టిందీ పోయి, వస్తుందనుకున్నదీ రాకపోతే ‘హళ్లికి హళ్లి, సున్నకు సున్న’ అంటాం. వినడానికి ఒకే సంగతిని రెండుసార్లు నొక్కి చెప్పినట్టుంటుంది. నిజానికి హళ్లి వేరు, సున్న వేరు. పూర్ణాంకాల వరుసలో ఖాళీ స్థానానికి గుర్తు సున్న. భిన్నాల వరుసలో పావుల చోట ఏమీ లేదని చెప్పే గుర్తు హళ్లి. రూపాయలూ లేవు, పావలాలూ లేవు అని రెండు గళ్లలోనూ విడివిడిగా రాసిపెట్టుకున్న కరణం లెక్క ఈ సామెతలో ఉంది. ఒకే భాషకు రెండు శూన్యాలు ఎందుకు కావలసివచ్చాయన్నదే ఇక్కడి ప్రశ్న.

తెలుగు లెక్క పైకి పదులుగా పెరుగుతుంది, కిందికి నాలుగులుగా తరుగుతుంది. పది, నూరు, వెయ్యి మనకు తెలిసిన దారే. ఒకటికి దిగువన దారి మారుతుంది. ఒకటిలో నాలుగో వంతు కాలు, అందులో నాలుగో వంతు వీసం, వీసంలో నాలుగో వంతు కాని. అంటే 1/4, 1/16, 1/64. దశాంశ బిందువుకు కుడివైపున పదులకు బదులు నాలుగులు పెట్టుకుంటే ఎలా ఉంటుందో, ఇదీ అంతే.

రాత ఇంకా ముచ్చటైనది. కాలుకు ఒక నిలువు గీత, అరకు రెండు, ముక్కాలుకు మూడు: ౹, ౺, ౻. తరవాతి స్థానంలో గీతలు అడ్డం పడతాయి. వీసం ౼, రెండు వీసాల పరక ౽, మువ్వీసం ౾. ఆపై స్థానంలో మళ్లీ నిలువు. ఇలా నిలువూ అడ్డమూ మార్చుకుంటూ పోవడం వల్ల పక్కపక్క స్థానాల గీతలు కలిసిపోయి లెక్క తప్పే ప్రమాదం తగ్గుతుంది. 5 రూపాయల 7 అణాలు రాయాలంటే, 7 అణాల్లో 4 అణాలు ఒక కాలు, తక్కిన 3 అణాలు మువ్వీసం, కాబట్టి ౫౹౾. 2 రూపాయల 3 అణాల్లో కాలు లేదు కనక ఆ చోట హళ్లి పడుతుంది: ౨౸౾. స్థానాన్ని బట్టి విలువ మారడం, ఖాళీ స్థానానికి గుర్తు ఉండడం అనే రెండు లక్షణాలూ ఇందులో ఉన్నాయి. దీన్ని పల్లెటూరి గీతల లెక్కగా కొట్టిపారేయడం కుదరదు.

నాలుగే ఎందుకు? కుప్పను చూస్తే తెలుస్తుంది. ధాన్యపు రాశిని కంటి అంచనాతో సగం చేయవచ్చు. ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తే పావు. తూనికరాయి అక్కర్లేదు, తగవూ రాదు. అదే రాశిని అయిదు సమభాగాలు చేయమంటే అనుభవజ్ఞుడైన రైతు కూడా తడుముకుంటాడు. కొలమానాలు ఈ సౌకర్యం చుట్టూనే కుదురుకున్నాయి. 4 గిద్దెలు ఒక సోల, 4 సోలలు ఒక మానిక, 4 మానికలు ఒక కుంచం, 4 కుంచాలు ఒక తూము. అలా 256 గిద్దెలకు ఒక తూము. పరిమాణాలు ఊరూరికీ మారేవి, వరుస కూడా కొన్నిచోట్ల తేడాగా ఉండేది. కానీ నాలుగు పట్టు మాత్రం గట్టిది. తూము దాటాక అది సడలుతుంది. 20 తూములు ఒక పుట్టి. రాశి పెద్దదైతే భాగించడం పోయి లెక్కపెట్టడం మొదలవుతుంది, లెక్కపెట్టేటప్పుడు మళ్లీ పదులూ ఇరవైలూ వస్తాయి.

ఇదంతా తెలుగువారి సొంతమని చెప్పబోవడం లేదు. పదహారు అణాల రూపాయి దేశమంతటిదీ. పావు ఉత్తరాది మాట. కాలు, వీసం తమిళంలోనూ ఉన్నాయి. అయితే తమిళ భిన్నాల్లో 1/20, 1/80, 1/320 కూడా ఉండడం వల్ల నాలుగు పక్కన అయిదు వచ్చి చేరింది. తెలుగు రాత చివరిదాకా నాలుగునే అంటిపెట్టుకుంది. మన గణిత చరిత్ర రాసేవారు మహావీరాచార్యుడి 9వ శతాబ్ది ‘గణితసారసంగ్రహం’ దగ్గర, దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన దగ్గర ఆగుతారు. ఆగవలసిందే. కానీ తాటాకు కవిలెల్లో ఈ గీతలు గీసిన కరణాలకు ఆ చరిత్రలో చోటు దొరకలేదు. గీతలకు మాత్రం 2008లో యూనికోడ్ 5.1లో చోటు దొరికింది. తూముకు కూడా ఒక గుర్తు ఉంది.

1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలు వచ్చాయి. నాలుగు మీద పది గెలిచిన రోజది. పావలా 25 పైసలుగా సర్దుకుంది. రెండు అణాల బేడకు 12న్నర పైసలు కావాలి. అలాంటి నాణెం లేదు కనక బేడ మాయమైంది. 25 పైసల బిళ్ల కూడా 2011 జూన్ 30 నుంచి చెల్లడం మానేసింది. అయినా అప్పు మాట వచ్చిందంటే పావలా లేచి కూర్చుంటుంది. నూటికి నెలకు పావలా అంటే ఏడాదికి 3 శాతం. రూపాయి వడ్డీ 12 శాతం, రెండు రూపాయల వడ్డీ 24. స్వయం సహాయక సంఘాల మహిళలకు ప్రభుత్వమే ‘పావలా వడ్డీ’ పేరుతో పథకం పెట్టింది. 3 శాతం వడ్డీ అని ఉంటే బ్యాంకు కాగితంలా ఉండేది, ఊళ్లోకి నడిచి వెళ్లేది కాదు. అసలు ‘నూటికి నెలకు పావలా’ అన్న పలుకుబడే ఒక విచిత్రం. అసలు సొమ్మును పదుల లెక్కలో చెప్పి, వడ్డీని నాలుగుల లెక్కలో చెబుతుంది.

ఈ జంట మరిన్ని చోట్ల కనిపిస్తుంది. దాదాపు అంతా అని చెప్పడానికి ‘నూటికి తొంభైతొమ్మిది పాళ్లు’ అంటాం. పాతతరం ‘ముప్పాతిక మువ్వీసం’ అనేది. ముప్పాతికంటే 3/4, మువ్వీసం 3/16. కలిపితే 15/16, శాతంలో 93.75. గీతల్లో రాస్తే ౻౾: నాలుగుల లెక్కలో ఆ రెండు స్థానాల్లో పట్టే అతి పెద్ద అంకెలు. పదుల లెక్కలో రెండు తొమ్మిదులు ఎలాగో ఇక్కడ రెండు మూళ్లు అలాగ. రెండు వ్యవస్థలూ వేరువేరుగా ఒకే ఊహకు చేరుకున్నాయి. అలాగే ‘నూటికి నూరుపాళ్లు’ ఒకవైపు ఉంటే, ‘పదహారణాల తెలుగమ్మాయి’ ఇంకోవైపు ఉంది. పాతికది మరో తమాషా. నాలుగో వంతుకు పేరైన మాటే నూరులో నాలుగో వంతైన 25కు కూడా పేరైంది.

ఈ కోణంలో నూట పదహార్లను చూడాలనిపిస్తుంది. నిజాం హాలీ సిక్కా రూపాయలు 7 ఇస్తే బ్రిటిష్ రూపాయలు 6 వచ్చేవి కాబట్టి, వందకు సరితూగే 116 ఇవ్వడం ఆచారమైందనే వివరణ బాగా ప్రచారంలో ఉంది. వందకు 7/6 కడితే 116కు పైచిలుకు వస్తుంది, నిజమే. లెక్క కుదిరినంత మాత్రాన చరిత్ర రుజువు కాదు. వెయ్యిన్నూట పదహార్లకు ఇదే సూత్రం పెడితే 1,166 రావాలి, మనం ఇచ్చేది 1,116. నిజాం ఏలుబడిలో లేని కోస్తా జిల్లాల పెళ్లిళ్లలోనూ ఇదే చదివింపు ఎందుకుందో కూడా ఆ వివరణ చెప్పదు. నా ఊహ వేరు. పదుల లెక్కలో నిండు సంఖ్య నూరు, నాలుగుల లెక్కలో నిండు సంఖ్య పదహారు. నిండు మీద నిండు పెట్టి ఇవ్వడమే నూట పదహార్లు. ఇది ఊహే, చదివింపుల పాత జాబితాలు తిరగేస్తే తేలవలసిన విషయం.

మనుషుల్ని లెక్కపెట్టే చోట కూడా నాలుగూ పదీ పక్కపక్కనే నిలబడతాయి. తెలుగు వస్తువులకు రెండు, మూడు అని, మనుషులకు ఇద్దరు, ముగ్గురు అని వేరే మాటలు పెట్టుకుంది. వాటిలో ‘నలుగురు’ ఒక్కటే అంకెను దాటి లోకం అనే అర్థానికి చేరింది. నలుగురూ ఏమనుకుంటారు, నలుగురిలో తలెత్తుకోవాలి, నలుగురికీ ఉపయోగపడాలి. హిందీలో ‘చార్ లోగ్’ కూడా ఇదే పని చేస్తుంది కనక దీన్ని మన భిన్నాలకు ముడిపెట్టడం తొందరపాటే. పాడె మోసే నలుగురి నుంచి ఈ అర్థం వచ్చిందనేవారున్నారు. 2004 నాటి ‘ఆ నలుగురు’ సినిమా పేరుకు బలం అక్కడిదే. లోకానికి ఇంకో మాట ‘పదిమంది’. పదిమంది మెచ్చాలి, పదిమందికి తెలియాలి. నా చెవికి వీటి మధ్య సన్నని తేడా వినబడుతుంది. నలుగురంటే ఇరుగుపొరుగు, మన తప్పొప్పులు దగ్గరగా చూసేవాళ్లు. పదిమందంటే మనకు పేరు తెచ్చే జనం. నాలుగు మెతుకులు, నాలుగు రాళ్లు వెనకేసుకోవడం, నాలుగు మంచి మాటలు అన్నప్పుడు కూడా నాలుగు చేతికి అందేంత కొంచెమే.

ఇప్పుడు పెళ్లికి వెళుతూ కొనే కవరు మీద ముందే ఒక రూపాయి బిళ్ల అంటించి ఉంటుంది. లోపల అయిదు వందల నోటు పెడితే చాలు, అయిదు వందల ఒకటి. పదహారుకు చిల్లర వెతుక్కునే పని లేదు. చదివింపులు రాసే పుస్తకంలో మాత్రం పాత చేతులు ఇంకా 116, 516, 1,116 రాస్తున్నాయి.