మంచు కాలాన్ని దాటించిన గుర్రపు లద్దె



ముందు మార్కెట్‌కి చేరిన సరుకుకే ధర. ఇది మనలో ఎవరికీ ఒకరు చెప్పక్కర్లేదు. పదిహేను రోజులు వెనకపడితే అదే కూరగాయకి కోత కూలి కూడా రాదు. ఈ లెక్క బాగా వంటబట్టిన రైతులు ఒకప్పుడు ఫ్రాన్స్‌లో, పారిస్ నగరంలోనూ దాని చుట్టుపక్కలా ఉండేవాళ్లు. మంచు పడే చోట శీతాకాలం అంతా మొక్కని బతికించుకుని, మిగతావాళ్లు విత్తనం చల్లే వేళకి వీళ్లు కోత కోసేవాళ్లు. వాళ్లు ఎలా చేశారు, తర్వాత ఏమైపోయారు అన్నది మనం కూడా తెలుసుకోవాల్సిన చరిత్రే.

ముందు అక్కడి చలికాలం సంగతి చూడండి. మన దగ్గర డిసెంబరులో అతి చిన్న పగలు కూడా దాదాపు 11 గంటలు ఉంటుంది. పారిస్‌లో నవంబరు మొదటి వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా పగలు 10 గంటల లోపే. ఆ వెలుతురుకి ఆకుకూర చావదు, అట్లాగని పెద్దగా ఎదగదు కూడా. అలా నిలబడిపోతుంది. అందుకే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే నారు పోసి, వేరు పట్టించి, ఆ మూడు నెలలూ గడ్డకట్టకుండా కాచుకోవాలి. ఫిబ్రవరిలో పొద్దు పెరగ్గానే వేరు సిద్ధంగా ఉన్న మొక్క ఒక్కసారిగా లేస్తుంది. మార్చిలో విత్తినవాడు దాన్ని అందుకోలేడు.

దీనికి పేరు తెచ్చినవాడు లా కింతినీ. మొదట్లో లాయరు. 14వ లూయీ రాజు కోసం వెర్సాయ్‌లో 1678 నుంచి 1683 వరకు పెద్ద కూరగాయల తోట వేశాడు. నేల చూస్తే ఒట్టి చిత్తడి. అక్కడే డిసెంబరులో ఆస్పరాగస్ పిలకలు తీసి రాజుగారి బల్ల మీద పెట్టించాడు. మొక్కల చుట్టూ కాలువలు తీసి పచ్చి లద్దె నింపితే, అది మురుగుతూ వేడి పుట్టిస్తుంది. మన పెంటకుప్పలో చెయ్యి పెడితే చురుక్కుమనే వేడే అది.

రాజు తోటలో ఖర్చు లెక్క ఎవరూ అడగరు. దాన్ని బతుకుతెరువుగా మార్చింది పారిస్ కూరగాయల రైతులు. మొరో, దావెర్న్ అని ఇద్దరు తోటరైతులు 1845లో తమ సేద్యం మీద ఒక పుస్తకమే రాశారు. అప్పటికి పారిస్ గోడల లోపల సుమారు 1,800 తోటలు, అన్నీ కలిపి 1,400 హెక్టార్ల లోపు. అంటే ఒక్కో కుటుంబానికి రెండెకరాలు కూడా సరిగ్గా లేదు.

వాళ్ల పద్ధతి ఇదీ. తాజా గుర్రపు లద్దెని గడ్డితో సహా తొక్కి మడిగా పరుస్తారు. దాని మీద పాత ఎరువు మురిగి తయారైన నల్లమట్టి పొర. పైన అద్దాల చట్రాలు, లేకపోతే గంట ఆకారంలో ఉండే గాజు బోర్లింపులు. ఒక్కో గాజు గంట కింద మధ్యలో ఒక పొడుగు లెట్యూస్, చుట్టూ మూడు పొట్టి లెట్యూస్‌లు. ఎండ కాస్తే ఒక పక్క పుల్ల పెట్టి గాలి ఆడనిస్తారు. రాత్రి చలి పెరిగితే పైన గడ్డి చాపలు కప్పుతారు. తెల్లారాక మళ్లీ తీస్తారు. చలికాలమంతా ఇదే పని, సెలవు లేదు.

చోటు కూడా వృథా పోనిచ్చేవాళ్లు కాదు. ఒకే మడిలో ముల్లంగి, క్యారెట్ విత్తనం చల్లి, మీద లెట్యూస్ నారు నాటేవాళ్లు. ముల్లంగి ముందు లాగేస్తారు. తర్వాత లెట్యూస్ కోత. ఆ ఖాళీలో కాలీఫ్లవర్ పెడతారు. అడుగున క్యారెట్ ఊరుతూనే ఉంటుంది. మన అంతరపంటే, ఇంకా దగ్గరగా, ఇంకా ఓపికగా.

రష్యా రచయిత క్రొపోత్కిన్ ఈ తోటల గురించి రాస్తూ ఒక విషయం చెప్పాడు. వేడి తగ్గిన లద్దె మరుసటి ఏడాదికి నల్లమట్టి అవుతుంది గదా. ఏటేటా అది పేరుకుపోయి, మిగిలింది అమ్ముకునేవాళ్లట. కౌలు కాగితంలోనే ఒక షరతు ఉండేదట: రైతు ఖాళీ చేసి వెళ్లేటప్పుడు తాను తయారు చేసిన మట్టిని కొంత లోతు వరకు తీసుకుపోవచ్చు! కౌలు రైతులు ఈ మాట ఇంకోసారి చదవండి. మనం మూడేళ్లు పెంట తోలి చేను బాగు చేస్తే, నాలుగో ఏడు ఆ బలం భూమి యజమానికి, లేదా కొత్తగా వచ్చిన కౌలుదారుకి. మట్టిని తయారు చేసినవాడిదే మట్టి అని అక్కడ కాగితం మీద రాసుకున్నారు.

మరి అంత తెలివైన సేద్యం ఎందుకు పోయింది?

గాజు వాళ్లది, విత్తనం వాళ్లది, మట్టి వాళ్లది, పనితనం వాళ్లది. వేడి మాత్రం వాళ్లది కాదు. అది ఊళ్లో బళ్లు లాగే వేలాది గుర్రాలది. రాత్రి కూరగాయలు మార్కెట్‌కి తీసుకెళ్లిన బండి, తిరిగి వచ్చేటప్పుడు గుర్రపుశాలల లద్దె వేసుకొచ్చేది. 20వ శతాబ్దం మొదట్లో మోటారు బళ్లు వచ్చాయి, గుర్రాలు తగ్గిపోయాయి, లద్దె కరువైంది. మరోపక్క దక్షిణ ఫ్రాన్స్ నుంచి రైల్లో ముందస్తు కూరగాయలు దిగాయి. తోటల నేల మీద ఇళ్లు లేచాయి. గాజు గంటలు ఇప్పుడు పాత సామాన్ల దుకాణాల్లో అలంకారానికి అమ్ముడుపోతున్నాయి.

విద్య పూర్తిగా చావలేదు లెండి. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో ఎలియట్ కోల్‌మన్ అనే రైతు ఆ పారిస్ వాళ్ల దగ్గరే పాఠం తీసుకుని, వేడి ఏమీ పెట్టకుండా, పాలిథిన్ గుడారం లోపల మళ్లీ ఒక పల్చటి గుడ్డ కప్పి పాలకూర లాంటివాటిని చలి దాటిస్తున్నాడు. అయితే మొక్కని కాపాడటం వేరు, ముందుకు నెట్టడం వేరు. నెట్టే బలం లద్దెది.

మనకి మంచు లేదు, గాజు అక్కర్లేదు. కానీ ట్రాక్టర్ వచ్చాక ఎద్దులు పోయాయి. కోత మిషన్ వచ్చాక చాలాచోట్ల గడ్డి చేలోనే కాలిపోతోంది, మేత లేక ఉన్న గేదె కూడా సంతకి పోతోంది. మిషన్లు వద్దనడం లేదు, నేనూ వాటితోనే చేస్తున్నాను. పారిస్ రైతుకి గుర్రం తన చేతిలో లేదు. మనకి గొడ్డు, గడ్డి ఇంకా మన చేతిలోనే ఉన్నాయి. ఈ ఏడు కోత అయ్యాక గడ్డికి అగ్గిపుల్ల గీసే ముందు ఈ పారిస్ వాళ్లని ఒకసారి తలుచుకోండి.

మీ ఊళ్లో ఎన్ని పెంటకుప్పలు మిగిలాయో లెక్కపెట్టి కింద రాయండి. మా వీధిలో అయితే నాలుగు.